మర్నాటి జబ్బు

1998 నవంబర్ 9

జవాబు వచ్చింది. నా జబ్బు సైనిక సేవ వల్ల వచ్చింది కాదట, సేవ వల్ల ముదిరిందీ కాదట. కాబట్టి వైకల్య పింఛను ఇవ్వడం కుదరదట. కింద సంతకం ఎవరిదో తెలియడం లేదు.

అస్సాంలో ఆ వానాకాలం వార్డు నిండా జ్వరాల జవాన్లే. మంచాలు చాలక వరండాలో పరుపులు వేశాం. నర్సింగ్ సిస్టర్లం ఒకరి తర్వాత ఒకరం జ్వరాన పడ్డాం, నేను ఆఖరున. మిగతావాళ్ళు లేచి డ్యూటీకి వెళ్ళారు. నాకు జ్వరం పోయింది గానీ ఒళ్ళు తిరిగి రాలేదు. రెండేళ్ళు ఎలాగో నెట్టుకొచ్చాక, ఇక సైన్యానికి పనికిరావని రాసి ఇంటికి పంపారు. పనికిరానని రాసింది వాళ్ళే. ఆ జబ్బు మాది కాదంటున్నదీ వాళ్ళే.

తమ్ముడు ప్రహ్లాద్ బస్సు డిపోలో మెకానిక్. రాగానే చెప్పాను. చేతులకున్న గ్రీసు కడుక్కుంటూ విన్నాడు.

"పోనీ తియ్ అక్కా. ఏదన్న ప్రైవేటు దవాఖానల చేరు. కెప్టెన్ రాహేలు అంటె ఎవలు వద్దంటరు?"

మంచికే అన్నాడు.

నవంబర్ 10

ఇవాళ నయం.

నవంబర్ 12

మొన్న నయంగా ఉందని నా బట్టలు నేనే ఉతుక్కున్నాను. రెండు జతలే. నిన్నంతా లేవలేదు. ఇవాళ గోడకు ఆనుకుని రాస్తున్నాను.

మరదలు రాజమణి చీరలకు ఫాల్స్ కుట్టి శాలిబండలో ఒక దుకాణానికి ఇస్తుంది. ఉన్నవి రెండు గదులు. మిషను చప్పుడు నా పుర్రెలో కుడుతున్నట్టుంటుంది. ఆపమని ఏ నోటితో అంటాను? ఆ మిషను మీద కూడా ఈ ఇల్లు నడుస్తోంది.

"మొన్న మంచిగనే ఉంటివి గద వదినె" అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే ఏదో ఒకటి చెప్పేదాన్ని.

డిసెంబర్ 3

పెద్దాసుపత్రికి వెళ్ళాను. డాక్టర్ సుచరిత చిన్నదే, నాకంటే చిన్నది. నా సైన్యం కాగితాలన్నీ చదివింది. వాటిలో నరాల బలహీనత అని ఉంది. మర్యాదగా రాశారు, మనసు జబ్బు అని అర్థం.

"ఇది క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అండీ. కొందరికి పెద్ద జ్వరం తర్వాత వస్తుంది. ఇవాళ మీరు చేసిన పని మర్నాడు మీ మీద పడుతుంది. ఒక్కోసారి రెండో రోజు."

"మరి సైన్యం మెడికల్ బోర్డులో డాక్టర్లకు కనబడలేదే?"

"వాళ్ళు చూసింది ఆ ఒక్క పూటే కదా."

మళ్ళీ అప్పీలు పెట్టమంది, తను రాసిస్తానంది. జబ్బుకు పేరు దొరికినందుకే ఆటోలో ఏడ్చాను. యూసుఫ్ భాయ్ అద్దంలో చూసి, "క్యా హువా బాజీ?" అన్నాడు. ఏమీ లేదన్నాను. మా గల్లీ చివర ఉంటాడు, ఎప్పుడూ ఆయన ఆటోయే.

ప్రహ్లాద్‌కి ఆ పేరు చెప్పాను. నవ్వాడు. "అలుపుకు గూడ ఇంగ్లీషుల పేరుందా? గట్లయితె మా డిపోల అందరికి ఉన్నది గా బీమారి."

నేనూ నవ్వాను.

1999 జనవరి 21

అప్పీలు పంపించాం. మదీనా చౌరస్తా దగ్గర జిరాక్సులు తీయించుకొచ్చింది ప్రహ్లాదే. జబ్బుందని నమ్మడు, పని మాత్రం చేసిపెడతాడు.

ఏప్రిల్ 4

ఈస్టర్. పాట పాడేటప్పుడు అందరూ లేచారు, నేను లేవలేదు. వెనక బెంచీలో ఎవరో అంటున్నారు, ఆఫీసరమ్మకు దేవుడి ముందు కూడా గర్వమే అని. రాజమణికి వినబడింది. దారిలో నాతో మాట్లాడలేదు. ఎవరి మీద కోపమో తెలియలేదు.

ఏప్రిల్ 5

లేవలేదు.

ఏప్రిల్ 6

లేవలేదు. రాజమణి మంచిదే. మంచిదే.

జులై 30

టీవీ నిండా యుద్ధం, శవపేటికలు. మా జహనుమా బస్తీలో మిలిటరీ మనిషి ఎవరున్నారా అని వెతికితే నేను దొరికాను. నేను చదివిన మిషన్ బడి నుంచి హెడ్మిస్ట్రెస్ వచ్చింది. పంద్రాగస్టుకి జెండా ఎగరేసి నాలుగు మాటలు చెప్పాలట.

వద్దనాల్సింది. ప్రహ్లాద్ నిలబడి వింటున్నాడు. ఆమెతో, "మా అక్క కెప్టెన్ మేడమ్" అన్నాడు. నేనొచ్చిన ఈ రెండేళ్ళలో ఆ మాట అలా అనగా వినలేదు. సరేనన్నాను.

వారం ముందు నుంచి ఏ పనీ పెట్టుకోను. కుర్చీ వేస్తారు. ఏమీ కాదు.

ఆగస్టు 15

ఏమీ కాలేదు. గంజి పెట్టిన తెల్ల చీర, ఎడమవైపు పతకాలు. పిల్లలంతా ఎండలో నిలబడి ఉన్నారు. కుర్చీ ఉంది గానీ కూర్చోలేదు. అంతమంది పిల్లలు నిలబడి ఉండగా ఎలా కూర్చుంటాను? జెండా ఎగరేశాను. వానాకాలం జ్వరాల గురించి, వరండాలో పరుపుల గురించి చెప్పాను. ఒక అమ్మాయి వచ్చి, ఆడవాళ్ళు కూడా సైన్యంలో చేరొచ్చా అని అడిగింది. పేపరాయన ఫోటో తీశాడు. గంట పైనే నిలబడ్డాను.

ప్రహ్లాద్ గేటు దగ్గర ఉన్నాడు. నన్నలా చూసి ఎన్నాళ్ళయిందో. నన్ను నేను చూసుకునీ.

నయమైపోయిందేమో. ఇలాగే ఒకనాడు చప్పుడు చేయకుండా పోతుందేమో.

ఆగస్టు 17

చేయి

సెప్టెంబర్ 1

ఇవాళ కూర్చున్నాను. పదహారు తెల్లవారేసరికి కాళ్ళు నావి కావు. వెలుతురు చూడలేకపోయాను. రాజమణి కిటికీకి దుప్పటి కట్టింది. ఆమె, ప్రహ్లాద్ కలిసి నన్ను బాత్‌రూముకు మోసుకెళ్ళారు. తమ్ముడు మొహం పక్కకు తిప్పుకుని మోశాడు. మిషను ఆగిపోయిందని నాకు చాలా రోజులకు గాని తెలియలేదు. బట్టలన్నీ పక్కింటికి తీసుకెళ్ళి, వాళ్ళ మిషను మీద కుట్టుకొస్తోందట.

పేపర్లో ఫోటో పడింది. ప్రహ్లాద్ కత్తిరించి జేబులో పెట్టుకున్నాడు. డిపోలో అందరికీ చూపించాడట.

అక్టోబర్ 14

అప్పీలు మీద మళ్ళీ మెడికల్ బోర్డుకు పిలిచారు. ఇవాళే. మొన్నటి నుంచి పడుకునే ఉన్నాను, ఈ ఒక్క రోజు కోసం. యూసుఫ్ భాయ్, "ఆహిస్తా చలాతూఁ బాజీ, ఫికర్ నక్కో కరో" అని మెల్లగా, గుంతలన్నీ తప్పించి తీసుకెళ్ళాడు. ప్రహ్లాద్ సెలవు పెట్టి వచ్చాడు.

బల్ల అవతల ముగ్గురు. అలవాటు, నిటారుగా నడిచాను, నిటారుగా కూర్చున్నాను. అడిగినవన్నీ చెప్పాను. ఆ డ్రెస్సులో ఉన్నవాళ్ళ ముందు వంగి కూర్చోవడం నాకు చేతకాదు.

పెద్దాయన ఫైల్లోంచి ఒక పేపరు ముక్క తీశాడు. నా ఫోటో.

"ఇది మీరేనా, కెప్టెన్?"

"అవును సర్."

"ఎంతసేపు నిలబడ్డారు?"

"గంట పైన, సర్. కానీ మర్నాడు..."

"అంతసేపు నిలబడితే మర్నాడు నాకూ కాళ్ళు లాగుతాయి." నవ్వాడు. చెడ్డవాడేం కాదు. ఏదో రాసుకున్నాడు.

బయటికి వచ్చాను. ప్రహ్లాద్ ఎదురొచ్చాడు. "ఫోటో చూసిండ్రా? నేనే పెట్టిన ఫైల్ల. ఎవలతోని మాట్లాడుతున్నరో జర ఎర్క కావాలె గద వాళ్లకు."

"చూశారు."

"ఏమన్నరు?"

"బాగుందన్నారు."

దారంతా వాడి మొహం చూడలేదు.

అక్టోబర్ 25

లేవలేదు. రాసేందుకు ఏమీ లేదు.

2000 జనవరి 18

వైకల్యం ఇరవై శాతం కంటే తక్కువ అని తేల్చారు. ఇరవై లేకపోతే పింఛను లేదు. సేవకు సంబంధం లేదన్నది పాత మాటే. కొత్తగా ఒక వాక్యం చేర్చారు: దరఖాస్తుదారు స్వయంగా సమర్పించిన ఫోటోను బట్టి ఆగస్టులో జరిగిన బహిరంగ సభలో ఆమె చాలాసేపు నిలబడి ప్రసంగించినట్టు తెలుస్తోంది.

"చదువక్కా, ఏం రాసిండ్రు?" అన్నాడు ప్రహ్లాద్. వాడికి ఇంగ్లీషు రాదు. చదివి తెలుగులో చెప్పాను. ఆ ఒక్క వాక్యం చెప్పలేదు.

"ఫోటో సంగతి ఏం రాయలేదా?"

"లేదు."

"రాయాల్సి ఉండె" అన్నాడు.

జనవరి 19

వాడికి తెలియకపోతే పోయేదేముంది.

జనవరి 30

డిపోలో ఎవరో హైకోర్టుకు వెళ్ళమన్నారట. శ్రీహరిరావు అని లాయరు, నాలాంటి సైన్యం వాళ్ళ కేసులు చూస్తాడట. ప్రహ్లాద్ పోదాం పోదాం అంటాడు. ఒంట్లో బాగాలేదంటాను. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

లాయరు దగ్గరికి వెళితే ఆయన ఆ కాగితం చదువుతాడు. పైకి చదువుతాడు. పక్కన తమ్ముడుంటాడు. వాడు లేకుండా నేను ఆ మెట్లెక్కలేను.

ఫిబ్రవరి 11

రాజమణి ఫాల్స్ కుడుతూ, "కోర్టుకు ఎందుకు పోతలేవు వదినె? ఉన్న దారి గదొక్కటే గద" అంది.

"పోతాను."

"మీ తమ్ముడు ఓవర్ టైం చేస్తుండు, లాయరు కోసమని. నీకు చెప్పొద్దన్నడు."

గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఫిబ్రవరి 20

మనిషినే కాను. తినే నోరును. ఆ నోటికి కూడా సగం అన్నం తినేసరికి అలుపు.

నర్సుని. నా దగ్గరున్న మాత్రలు ఏవేమిటో నాకొకరు చెప్పక్కర్లేదు. అందుకే వాటి గురించి ఇక్కడ రాయను.

ఫిబ్రవరి 22

ప్రహ్లాద్ డిపోకి వెళ్ళాక మాత్రల డబ్బా రాజమణికి ఇచ్చాను. నాకు అందని చోట పెట్టమన్నాను. ఆమె డబ్బా వైపు చూసింది, నా వైపు చూసింది. ఎందుకని అడగలేదు. తాళం వేసే ట్రంకు పెట్టెలో పెట్టి, తాళంచెవి మంగళసూత్రానికి తగిలించుకుంది. తర్వాత వచ్చి నా పక్కన కింద పడుకుంది. మధ్యాహ్నం పూట పడుకోవడం ఆమెకు అలవాటు లేదు.

"వదినె, మీ తమ్మునితోని ఏదో దాస్తున్నవ్" అంది చాలాసేపటికి. "ఏందో నాకొద్దు. ఆయనకు చెప్పు. ఆయన మోస్తడు."

ఫిబ్రవరి 23

చెప్పాను.

కాగితం తీసి, ఆ వాక్యం మీద వేలు పెట్టి, ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పాను. ప్రహ్లాద్ కాగితం వైపే చూస్తున్నాడు, చదవడం వచ్చినవాడిలాగా.

"నేను పెట్టిందే గద" అన్నాడు.

"నీకు తెలియక పెట్టావు."

"గా దినం నువ్వు బాగుందన్నరని చెప్పినవ్."

"అవును."

"నన్నెందుకు తిట్టకపోతివి అక్కా?"

లేచి వెళ్ళిపోయాడు. చొక్కా కూడా సరిగ్గా వేసుకోలేదు. రాజమణి వాకిట్లోకి వెళ్ళి చూసి వచ్చింది. "ఆటోల కూసున్నడు, యూసుఫ్ భాయ్‌తోని" అంది. "ఏడుస్తుండు. ఏడువనీ."

ఫిబ్రవరి 28

మదీనా దగ్గర శ్రీహరిరావు గారి ఆఫీసు మేడ మీద. మెట్ల మధ్యలో ప్రహ్లాద్ వంగి, "వీపెక్కు" అన్నాడు. కింద దుకాణాల వాళ్ళంతా చూస్తున్నారు. మేజరమ్మలతో, కల్నళ్ళతో మాట్లాడిన మనిషిని. ఎక్కాను.

లాయరు గారిది కృష్ణా జిల్లా అనుకుంటాను, నెమ్మదస్తుడు. ఆర్డరు రెండుసార్లు చదివాడు.

"అమ్మా, వాళ్ళ చేతిలో మీరు నిలబడ్డ ఒక గంట ఉంది. మన చేతిలో ఏముంది? డాక్టరు గారి కాగితం ఉంది, మంచిదే. కానీ ఆ గంట తర్వాత మీరెలా ఉన్నారో కళ్ళారా చూసినవాళ్ళు కావాలి."

"నేను చూసిన" అన్నాడు ప్రహ్లాద్.

"అయితే చూసింది చూసినట్టు తెలుగులోనే రాసి తీసుకురండి. ప్రమాణ పత్రం నేను తయారు చేస్తాను."

మార్చి 5

ఐదు రోజులు పట్టింది లేవడానికి. ఇవాళ ప్రహ్లాద్ మంచం పక్కన కూర్చుని చెప్పాడు, నేను రాశాను. వాడి చేతిరాత వాడికే అర్థం కాదు. నా చేయి ఆగినప్పుడల్లా వాడూ ఆగాడు. పదహారో తారీకు సంగతి చెబుతాడనుకున్నాను. అక్కడ మొదలుపెట్టలేదు.

"మా అక్క పండ్లు తోముకునేటప్పుడు నడుమల ఆగుతది. నోట్ల నురుగు పెట్టుకోనే గోడకు ఒరిగి కూసుంటది. ఎవలు చూస్తలేరనుకుంటది. రాయి.

"జుట్టు కత్తిరిచ్చుకున్నది. ఫేషన్ అని నేను, నా భార్య నవ్వినం. దువ్వుకోనీకి చెయ్యి లేస్తలేదని నాకు తర్వాత సమజైంది. గప్పుడు గూడ నేను అడగలె.

"ముందుగాల మంచిగ మాట్లాడుతది. జరసేపైతె మాటల కోసం దేవులాడుతది. ఒకసారి తలుపు అనబోయి బిందె అన్నది. మళ్ల తనే సిగ్గుపడి నవ్వింది.

"ఎవలన్న ఇంటికొస్తె లేచి కూసుంటది. నవ్వుకుంట మాట్లాడుతది. వాళ్లు పోయినంక పడిపోతది. వచ్చినోళ్లకు గది తెల్వదు. మాకే తెలుసు."

నేను రాయడం ఆపాను.

"ఇన్ని చూశావా?"

"కండ్లున్నయ్ గదా అక్కా."

"మరి నమ్మలేదేం?"

"నమ్మితె నువ్వు మంచిగ గావని ఒప్పుకున్నట్టయితది" అన్నాడు. "రాయి. ఇగ పదహారు తారీకు."

2001 ఫిబ్రవరి 6

హైకోర్టు తీర్పు. శ్రీహరిరావు గారు స్వయంగా ఇంటికి వచ్చి చెప్పారు. మళ్ళీ బోర్డు పెట్టాలి, ఒక్క పూట చూసి తేల్చకూడదు, ఆసుపత్రిలో చేర్చుకుని కొన్ని రోజులు గమనించాలి. ప్రహ్లాద్ ప్రమాణ పత్రంలోంచి జడ్జిగారు ఒక వాక్యం చదివారట, ఎవరన్నా వస్తే లేచి కూర్చుంటుందన్నది.

"అమ్మా, బాగాలేనట్టు నటించమని నేను చెప్పను" అన్నారాయన వెళ్ళేటప్పుడు. "బాగున్నట్టు నటించడం మాత్రం మానేయండి."

ఏప్రిల్ 3

మిలిటరీ ఆసుపత్రి. ఆఫీసర్ల వార్డు. గోడల వాసన కూడా అదే. డ్యూటీ సిస్టర్ లెఫ్టినెంట్, కేరళ అమ్మాయి, నన్ను మేమ్ అంటుంది.

ఇవాళ పరీక్షలు. మెట్లెక్కమన్నారు, ఎక్కాను. మళ్ళీ అన్నారు, మళ్ళీ ఎక్కాను. వరండా పొడవునా నడిచాను. నాడి బాగుందట, రక్తపోటు బాగుందట. రాసుకున్న చిన్న డాక్టరు మొహంలో కనబడింది, ఈమెకు జబ్బేముంది అని.

నయం అని రాయను.

ఏప్రిల్ 8

నాలుగో తారీకు తెల్లవారింది. నేను లేవలేదు. ఐదున రౌండ్లు. ఆ సమయానికి పేషెంట్లు ఎలా ఉండాలో నేనే ఎంతమందికి నేర్పానో. దుప్పటి ముడత లేకుండా, చేతులు పక్కన, కళ్ళు తెరిచి. లేవగలిగినవాళ్ళు మంచం పక్కన నిలబడాలి.

కేరళ సిస్టర్ వచ్చి మెల్లగా హిందీలో చెప్పింది, కల్నల్ సాబ్ వస్తున్నారు మేమ్, కాస్త పైకి జరిగి కూర్చోండి, నేను పట్టుకుంటాను అని. ఆ పిల్ల భయం నాకు తెలుసు. పట్టుకోనిస్తే కూర్చునేదాన్నే, ఎలాగో ఒకలాగ ఐదు నిమిషాలు. వద్దన్నట్టు కళ్ళు మూసుకున్నాను.

బూట్ల చప్పుడు మంచం దగ్గర ఆగింది. నా ఒళ్ళంతా లేవమంటోంది. ఇన్నేళ్ళ అలవాటు. లేవలేదు.

"కెప్టెన్ రాహేలు" అన్నాడాయన. "రెండు రోజుల కింద మీరు మెట్లెక్కారు కదా. రెండుసార్లు ఎక్కారని ఉంది."

"అందుకే, సర్."

అంతకంటే మాటలు దొరకలేదు. ఆయన నా చేయి ఎత్తి వదిలాడు, అది పడిపోయింది. పక్క మంచం దగ్గరికి వెళతాడనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చిన్న డాక్టర్లంతా వెనక నిలబడే ఉన్నారు.

"మీ తమ్ముడు రాసింది చదివాను" అన్నాడు. "మీరు మాట్లాడక్కర్లేదు. రేపు కూడా వస్తాను. ఎల్లుండి కూడా."

వచ్చాడు.

జులై 19

ఒప్పుకున్నారు. జబ్బు సేవ వల్ల ముదిరిందే అని రాశారు. వైకల్యం నలభై శాతం. రెండేళ్ళకు మాత్రమే. రెండేళ్ళ తర్వాత మళ్ళీ బోర్డు.

"మళ్ల ఎందుకు?" అన్నాడు ప్రహ్లాద్.

"నయమైందేమో చూస్తారు."

"అయితె మంచిదే గద."

"అయితే మంచిదే."

ఇద్దరికీ తెలుసు. రెండేళ్ళకొకసారి ఇలా పడిపోయి చూపించాలి, బతికినన్నాళ్ళూ. రాజమణి చికెన్ తెమ్మని ప్రహ్లాద్‌ని పంపించింది. మిషను మీద బట్ట తీసి, అందరం కింద కూర్చుని తిందామని చాప వేసింది. నాకు పళ్ళెం మంచం దగ్గరికే తెస్తానంది.

సంతోషం కూడా పనే నా ఒంటికి. దానికీ మర్నాడు ఉంటుంది. రేపు లేవను, ఎల్లుండి కూడా లేవనేమో. అయినా చాప మీద కూర్చుని వాళ్ళతో తిన్నాను. ప్రహ్లాద్ డిపో కబుర్లేవో చెప్పాడు. ఎముక కూడా వదల్లేదు నేను. రాజమణి రెండోసారి వడ్డిస్తుంటే చేయి అడ్డం పెట్టలేదు.